అప్పజెప్తేనే గోళీ

తాండూరులో పాండురంగం మెడికల్ షాపులో మందు కొనాలంటే డాక్టరు రాసిన చిట్టీ ఒక్కటీ చాలదు, నోటికి పాఠం కూడా రావాలి. ఏ గోళీ ఎప్పుడు వేసుకోవాలి, ఎన్ని వేసుకోవాలి, తిన్నాకా తినకముందా అన్నది కొన్నవాడు పొల్లు పోకుండా అప్పజెప్పేదాకా పాండురంగం కవరు వదలడు. కవరు ఒక కొస ఆయన చేతిలో ఉంటుంది, రెండో కొస కొన్నవాడి చేతిలో. మధ్యలో పాఠం నడుస్తుంది.

"తెల్లది?"

"పొద్దుగాల ఒకటి."

"తిన్నంకనా, తినకముందా?"

"తిన్నంక."

"ఏం తిన్నంక?"

"ఏదో ఒకటి తింట గదనే, ఇడువు!"

ఈ బాధ అందరికీ సమానమే. నాపరాయి పాలిష్ మిషన్ల దగ్గర పనికి సరిహద్దు దాటి వచ్చే కన్నడం వాళ్లు, "మాకు తెలుగు రాదు" అంటే తప్పించుకోవచ్చనుకున్నారు. పాండురంగం వారం తిరిగేలోగా కన్నడం నేర్చుకున్నాడు. "బెళిగ్గె ఒందు, రాత్రి ఒందు. హేళు!" అంటూ, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని కన్నడంలోనే చెప్పించుకునేదాకా వాళ్లనీ నిలబెట్టాడు. ఒకాయన దూదికట్ట కొంటే దాన్ని తిన్నాక వాడాలా, తినకముందు వాడాలా అని అడిగాడని కూడా బజారులో చెప్పుకుంటారు. అది అబద్ధమే. కానీ నమ్మని వాడు లేడు.

ఒకసారి ఊళ్లో పెద్ద పేరున్న డాక్టరుగారే దగ్గుమందుకు వచ్చారు. పాండురంగం సీసా చేతికిచ్చి, మూత మాత్రం పట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పుండ్రి సార్."

"ఏం చెప్పాలయ్యా? రాసింది నేనే కదా!"

"రాసింది డాక్టరు. తాగేది పేషెంటు. నేను పేషెంటును అడుగుతున్న."

వెనక తొమ్మిదిమంది వరసలో నిలబడి చూస్తున్నారు. డాక్టరుగారు పళ్లు కొరికి, "రోజుకు మూడుసార్లు" అన్నారు. పాండురంగం చిట్టీ తిప్పి చూపించాడు. అందులో రెండుసార్లు అని ఉంది, డాక్టరుగారి చేతి రాతతోనే. ఆ రోజు నుంచి డాక్టరుగారు తన మందుకు తాను రావడం మానేశారు.

అటువంటి పాండురంగం దగ్గరికి ఆయన మేనకోడలు దేవిక, వికారాబాద్ నుంచి పొద్దుటి రైలెక్కి, జీవితం ఎటు తిప్పుకోవాలో అడగడానికి వచ్చింది.

దేవికకు రెండు సీట్లు వచ్చాయి. వికారాబాద్‌లో ఎంబీబీఎస్ ఒకటి, హైదరాబాద్‌లో ఫార్మ్-డి ఒకటి. శనివారంలోగా ఏదో ఒకదాంట్లో చేరాలి. దేవిక వచ్చింది సోమవారం. వాళ్లమ్మ జ్యోతిరాణి అప్పటికే వాడకట్టులో అందరికీ "మా దేవిక డాక్టరు" అని చెప్పేసింది. పిల్ల ఫార్మసీ అంటోందని తెలిశాక రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఫార్మ్-డి చదివినా పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చని ఎవరో చెబితే మూడో పూట కొంచెం తిన్నది. "సూది గుచ్చే డాక్టరా, గుచ్చని డాక్టరా?" అని అడిగి, జవాబు విన్నాక మళ్లీ మానేసింది.

"ఎందుకు ఫార్మసీ?" అని అడిగాడు పాండురంగం.

"ఇష్టం మామా."

"అది పెండ్లిసూపులల్ల చెప్పే మాట. అసలు సంగతి చెప్పు."

దేవిక చాలాసేపు కౌంటరు మీది గాజు వైపు చూసింది. అందరిలా మాట్లాడటం ఆ పిల్లకు చేతకాదు. ఒక్క వాక్యం బయటికి రావాలంటే లోపల నాలుగుసార్లు చెప్పుకోవాలి, అప్పటికి ఎదుటివాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోతారు. చిన్నప్పటి నుంచి డాక్టర్ కావాలనే ఉంది. కానీ డాక్టరంటే రోజూ కొత్త మనుషులు, కొత్త మాటలు.

"మందులైతే మాట్లాడవు గద మామా" అంది చివరికి.

పాండురంగం నవ్వాడు. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు.

"మందులు మాట్లాడవు, నిజమే. మరి మింగేది ఎవరు బిడ్డా? బీరువానా? కొన్ని షాపులల్ల గోడకు సర్టిఫికెట్ ఉంటది, దాని మీద పేరు ఉంటది, ఆ పేరుగలాయన ఏ ఊర్ల ఉన్నడో దేవునికే ఎరుక. గసొంటి ఫార్మసీ గావాల్నంటే చెప్పు, మాట్లాడే పనే లేదు. నువ్వు ఇంట్ల కూసోవచ్చు, నీ పటం పనికి పోతది."

"అది గాదు మామా..."

"ఏది గాదో శుక్రారం చెబుదువు గాని. గంతదాంక ఈ కౌంటర్ల నిలబడు."

మొదటి రోజే దేవికకు ఏడుపొక్కటే తక్కువ. ముసలమ్మలతో, పోలీసులతో, కాలేజీ పిల్లలతో ఒకటే పాట. మందు ఇవ్వడానికి ఒక నిమిషం, అప్పజెప్పించుకోవడానికి ఆరు నిమిషాలు. వచ్చినవాళ్లలో సగంమంది మందు కంటే ముందు ఒక తిట్టు ఇచ్చేవాళ్లు.

అందరికంటే గట్టిగా తిట్టేది బంట్వారం బాల్‌రాజ్ పటేల్. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో మడిచిన పేపరు. మంగళవారం బీపీ గోళీలకు వచ్చాడు.

"ఏందయ్యా పాండురంగం, నలభై ఎకరాల కందిచేను చేసేటోన్ని, పదిమందికి పంచాయితీ చెప్పేటోన్ని, నన్ను ఒకటో తరగతి పోరగాని లెక్క నిలవెడ్తవా?"

"మస్తు పెద్దమనిషివి పటేలా. చెప్పు."

"బంట్వారంల మెడికల్ షాపు లేదనుకున్నవా? తాండూర్ల ఇంకొకటి లేదనుకున్నవా?"

"శాన ఉన్నయ్. నల్లది ఎప్పుడు?"

పటేల్ తిడుతూనే అప్పజెప్పాడు. ఒకచోట తప్పాడు, పాండురంగం దిద్దాడు, మళ్లీ అప్పజెప్పాడు. ఇన్ని తిట్లు తిట్టేవాడు ఇన్ని షాపులు దాటుకుని ఇక్కడికే ఎందుకు వస్తాడో దేవికకు అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం తేల్చుకుంది. మామకు పెద్దమనుషులను పిల్లల్లా నిలబెట్టడం సరదా. గడువు తీరిన మందులాంటి పాత గర్వం.

బుధవారం పాండురంగం షాపు లైసెన్స్ కాగితాల పని మీద పొద్దున్నే వికారాబాద్ వెళ్లాడు. దేవికకు రెక్కలొచ్చాయి. ఆ పిల్ల రాత అందంగా ఉంటుంది. స్కూల్లో ప్రతి ఏడూ బహుమతి దానిదే. చిన్న చిన్న కాగితాలు కత్తిరించి, ప్రతి మందు మీదా తెలుగులో, గుండ్రంగా, "ఉదయం ఒకటి, తిన్నాక" అని రాసి అంటించింది. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడక్కర్లేదు. వరస చకచకా కదిలింది. తిట్లు లేవు. షాపంతా లైబ్రరీలా ఉంది. ఫార్మసీ అంటే ఇదీ అనుకుంది దేవిక.

పదిగంటలకు బాల్‌రాజ్ పటేల్ మళ్లీ వచ్చాడు. ఈసారి భార్య గోవిందమ్మ కీళ్లనొప్పులకు కొత్త డాక్టరు రాసిన చిట్టీ. దేవిక ఆ గోళీల మీద "వారానికి ఒక్కటి మాత్రమే" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీసి ఇచ్చింది. పటేల్ కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ముత్యాలోలె రాసినవ్ బిడ్డా! మీ మామకు నేర్పు జర" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రెండింటికి పాండురంగం దిగాడు. దేవిక తన సంస్కరణ గురించి చెప్పింది. ఆయన తిట్టలేదు, నవ్వలేదు. ఎవరెవరు వచ్చారో వరసగా అడిగాడు. పటేల్ పేరు దగ్గర ఆగాడు.

"ఏం మందు?"

చెప్పింది.

"అప్పజెప్పిండా?"

"రాసిచ్చిన గద మామా. సదువుకున్నడు. ముత్యాలోలె ఉందన్నడు."

"ముత్యాలోలె ఉందన్నడా? ఏం రాసి ఉందో అన్నడా?"

పాండురంగం షట్టరు కిందికి లాగాడు. పట్టపగలు ఆ షట్టరు దిగడం చూసి పక్క చెప్పుల కొట్టతను బయటికి వచ్చి నిలబడ్డాడు.

"మామా, ఫోన్ చేద్దాం."

"ఫోన్ల అడిగితే 'నాకు ఎరుకే' అంటడు. ఎరుక లేదని ఎట్లంటడు? వారానికి ఒక్కటి వేసుకునే గోళీ రోజుకు రెండేసుకుంటే పది రోజులల్ల మనిషి దక్కది. ఎక్కు బండి."

బంట్వారం దాకా ఆయన బండి గుంతల దగ్గర కూడా నెమ్మదించలేదు.

పటేల్ ఇంటి ముందు ఏదో గట్టు తగాదా పంచాయితీ నడుస్తోంది. ఎనిమిది తొమ్మిదిమంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు. గడప దగ్గర గోవిందమ్మ కందులు చెరుగుతోంది. పాండురంగం బండి స్టాండు కూడా వేయకుండా దేవిక మీదికి తోసేసి, మధ్యలోకి వెళ్లి రెండు చేతులూ ఎత్తాడు.

"పటేలా! నా ఇజ్జత్ పోయింది!"

"ఏమైందయ్యా?"

"ఈ పిల్ల అప్పజెప్పించుకోకుండ మందిచ్చింది! ఇరవై తొమ్మిదేండ్లల్ల గిట్ల కాలేదు. అన్నం సయిస్తలేదు నాకు. జర అప్పజెప్పు పటేలా, నీ కాళ్లు మొక్కుత!"

కూర్చున్నవాళ్లంతా గొల్లున నవ్వారు.

"గీనికి తిక్క ముదిరింది" అన్నాడొకాయన.

"అవు, ముదిరింది" అన్నాడు పాండురంగం. "చెప్పు పటేలా."

పటేల్ కూడా నవ్వాడు. "దీనికోసం గింత దూరం వచ్చినవా తిక్కలోడా? ఒకటి పొద్దుగాల, ఒకటి మాపటికి. సాలునా? ఇంటికి రాంగనే ఒకటి ఏసుకున్నది, ఇంగ రాత్రికి ఒకటి."

పాండురంగం ఒక్క క్షణం కూడా తడబడలేదు. గిర్రున దేవిక వైపు తిరిగాడు.

"సూసినవా! నువ్వు ఏం గీకినవో, పటేల్ గదే సదివిండు! నీ రాత పాడుగాను!"

దేవికకు ముఖం భగ్గుమంది. రెండు గీతలు గీసి మరీ రాసింది! ఆ కాగితం ఇంట్లోనే ఉంటుంది, తెప్పించి అందరికీ చూపించవచ్చు. నోరు తెరిచింది. అప్పుడే పటేల్ మీద చూపు పడింది. ఆయన నవ్వు ముఖం మీద ఉండిపోయింది, కళ్లు మాత్రం నేలను చూస్తున్నాయి. చేయి జేబులోని పెన్నులను ఊరికే సర్దుతోంది.

దేవిక ఈసారి వాక్యాన్ని లోపల ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. మాట సరాసరి బయటికే వచ్చింది, అదీ ఎనిమిది తొమ్మిదిమంది మగవాళ్ల మధ్య.

"అవు పెద్దనాయనా, తప్పు నాదే. గాబరల తప్పు రాసిన. అది రోజు వేసుకునేది గాదు, వారానికి ఒక్కటే. ఇయ్యాల బుధారం, ఈ వారంది అయిపోయింది. ఇంగ మల్ల బుధారమే. పెద్దమ్మా, నువ్వు గూడ చెప్పు, ఎప్పుడు?"

"మల్ల బుధారం" అంది గోవిందమ్మ చేట పక్కన పెట్టి.

"నడుమల నొప్పి లేస్తే?"

"లేసినా ఏసుకోవద్దు. బుధారమే."

"పెద్దనాయనా, నువ్వు?"

పటేల్ గొంతు సవరించుకున్నాడు. "బుధారం బుధారం ఒక్కటి" అని మెల్లగా అన్నాడు. తర్వాత ఊరంతా వినేలా, "మామ ఒక తిక్కలోడు, కోడలు ఇంకో తిక్కది! రాసుడు రాదు గాని షాపు పెట్టిండ్రు!" అని తిట్టాడు. తిట్టి, ఇద్దరికీ చాయ్ పెట్టించాడు.

తిరిగి వస్తూ ఊరు దాటాక దేవిక అడిగింది.

"అందుకా మామా, అందరితోని చెప్పిస్తవ్? డాక్టర్ సార్‌తోని గూడ?"

"సదువు రానోన్ని ఒక్కన్నే నిలవెట్టి అడుగు, వానికి సదువు రాదని బజారుకంత ఎరుకైతది. రేపటి సంది మందుకే రాడు. అందరిని అడుగు, నాకు తిక్క ఉందని ఎరుకైతది. రెండిట్ల ఏది అగ్గువ బేరం?"

రెండువైపులా కందిచేలు వెనక్కి పోతున్నాయి.

"నేను ఎంబీబీఎస్‌లనే చేరుత మామా."

"గట్లనా! డాక్టరంటే మాట్లాడాలె గద?"

"ఫార్మసీలనే ఎక్కువ మాట్లాడాలె. మూడు రోజులల్ల నా గొంతు పోయింది. నేను చూసిన డాక్టర్లు అసలు మాట్లాడనే మాట్లాడరు."

పాండురంగం నవ్వుకు బండి రోడ్డు ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయి వచ్చింది.

"పరాచికాలకు అన్న మామా. నాకు మొదటి సంది అదే కావాలని ఉండె. భయముండె. ఇయ్యాల అంతమంది ముంగట మాట్లాడిన గద."

"మాట్లాడినవ్. అబద్ధం మాట్లాడినవ్."

"అబద్ధమే మంచిగొచ్చింది."

"గది సుత పనికొస్తది తియ్యి." కొంత దూరం పోయాక పాండురంగం బండి వేగం తగ్గించి, తల పక్కకు తిప్పి, చాలా గంభీరంగా అన్నాడు. "ఒక్కటి మాత్రం యాదుంచుకో. డాక్టర్ అయినంక హైదరాబాద్ల పెట్టు, బంట్వారంల పెట్టు, కుల్కచర్లల పెట్టు, నీ ఇష్టం. తాండూర్ల మాత్రం దవాఖాన పెట్టకు."

"ఎందుకు మామా?"

"నీ పేషెంట్లందరు నీ దగ్గర్నే అప్పజెప్పుడు నేర్సుకొని నా షాపుకొస్తరు. ఇంగ నన్ను తిట్టేటోడు ఎవడుంటడు?"