లాభం దగ్గర ఆగిన కొలత

పన్నెండు రోజుల కిందట తెల్లవారుతుండగా పక్కింటి పెద్దాయన కూతురు మా గుమ్మం పట్టుకుని నిలబడి, "అయ్య లేడు వదినా" అంది. మూడు రోజుల చలిజ్వరం తీసుకుపోయింది. మనిషి పోయాడన్న దుఃఖం కంటే ముందు ఆ 'లేడు' అన్న మాటకే నాకు ఒళ్ళు జల్లుమంది. ఆ ఇంట్లోంచి అలాంటి మాట వినడం అదే మొదటిసారి. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎవరినీ అననిచ్చేవాడు కాదు.

మేము కింద మైదానం నుంచి వచ్చి ఈ అరకు లోయలో భూమి చేసుకుంటున్నవాళ్ళం. ఆయన ఇక్కడే పుట్టిన కొండరైతు. గూడెంలో ఎవరి కళ్ళంలో గింజలు కొలవాలన్నా ఆయనే రావాలి కనక పిల్లలూ పెద్దలూ 'కొలత మావ' అనేవారు. కాపరానికి వచ్చిన నాటి నుంచి నాకూ మామే.

ఇంట్లో చోళ్ళు, అంటే రాగులు, అయిపోతే "గాదె నిండుకుంది కోడలా" అనేవాడు. మా అమ్మా అంతే, దీపం ఆరితే కొండెక్కిందనేది. పంట విరగకాసిన ఏడు ఎవరైనా పలకరిస్తే మాత్రం మొహం చిన్నది చేసుకుని, "ఏదో, అమ్మోరి దయ, అంబలికి సరిపోతాది" అనేవాడు. ఉన్నప్పుడు ఉందనడానికి భయం, లేనప్పుడు లేదనడానికి భయం. నేను నవ్వేదాన్ని. అప్పటికి నాకు అసలు భయం తెలియదు.

ఆయన పైకి, గొంతెత్తి అనే మంచిమాట ఒక్కటే ఉండేది. మొదటి కుంచం కొలిచి పోసినప్పుడు 'ఒకటి' అనకూడదు, 'లాభం' అనాలి. ఆ తరవాతే రెండు, మూడు. కొలుస్తుంటే ఎవరూ మాట్లాడకూడదు. లెక్క తప్పితే ఉజ్జాయింపుగా సాగించకూడదు, పోసిందంతా రాశిలో కలిపేసి మళ్ళీ 'లాభం' నుంచి మొదలుపెట్టాలి. దీపాలు పెట్టే వేళకి ఆపెయ్యాలి. ఒకరు పట్టిన కొలతని మరొకరు అందుకోకూడదు. ఈ పద్ధతంతా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు.

ఒక సంవత్సరం ఈ కొండల్లో సర్కారు మీద తిరుగుబాటు అలజడి మొదలయింది. అడ్డతీగల వైపు నుంచి రోజుకో కబురు వచ్చేది, ఫలానా ఊరు తగలబెట్టారనీ ఫలానావాళ్ళని కట్టి తీసుకుపోయారనీ. ఒక పొద్దున్న మా వారు చేలో ఉండగా అడవిలోంచి ఇద్దరు మనుషులు పెరటి దారిన వచ్చి తినడానికేమైనా పెట్టమన్నారు. భయపడి చేటెడు చోడిపిండి ఇచ్చేశాను. జాలితో ఇచ్చానని చెప్పుకోను. కంచె అవతల కొలత మామ నిలబడి చూశాడు. చూడనట్టే వెళ్ళిపోయాడు. మా వారికి నేను చెప్పలేదు.

నాలుగో రోజున పోలీసులు వచ్చారు. అడవిలో ఉన్నవాళ్ళకి తిండి వెళుతోందని వాళ్ళ అనుమానం. మా చోళ్ళు ఇంకా కళ్ళంలోనే ఉన్నాయి. మా వారి చేతులు వెనక్కి కట్టి రాటకి ఆనించి నిలబెట్టారు. "కొలవండి" అన్నాడు అధికారి. "ఎక్కువుంటే వాళ్ళకి పెట్టడానికి దాచినట్టు. తక్కువుంటే పెట్టేసినట్టు." ఏ లెక్క వచ్చినా మా వారిని తీసుకుపోతారని నాకు అర్థమైపోయింది.

కొలత మామని పిలిపించారు. తూర్పుకి తిరిగి కూర్చుని కుంచం నింపాడు. "లాభం." గొంతు మామూలుగానే ఉంది. పంతొమ్మిది దాకా వచ్చేసరికి అధికారి కర్రతో నేలమీద కొట్టి, "ఎంతయింది?" అని అరిచాడు. మామ చెయ్యి గాలిలో ఆగిపోయింది. కొలిచిందంతా రాశిలోకి తోసేశాడు. "లాభం."

"పంతొమ్మిదయింది. నేను చెబుతున్నాను కదా, కానియ్యి!" అని గద్దించాడు అధికారి.

"అది తవరి నోటి లెక్క బాబూ. కొలిసేవోడి నోట రావాల."

రెండోసారి ఏడు దగ్గర ఆగిపోయాడు. మూడోసారి నాలుగు దగ్గర. తుపాకీ మడమతో వీపు మీద పొడిచారు. మళ్ళీ లాభం. అధికారి విసుగెత్తి ఒక జవానుని కొలవమన్నాడు. అతను కింద ఊళ్ళ రైతుబిడ్డే కాబోలు, చేతులు వెనక్కి పెట్టుకుని, "ఒకరు పట్టిన కొలత ఇంకొకరం ముట్టుకోకూడదండి, మా ఇంట్లో పసిపిల్లలున్నారు" అన్నాడు. తిట్లు తిన్నాడు కానీ ముట్టుకోలేదు.

పొద్దు కొండ వెనక్కి వాలింది. చీకటి పడితే ఘాటుదారిలో బాణం ఎటునుంచి వస్తుందోనని వాళ్ళకీ భయమే. మళ్ళీ వస్తామని చెప్పి, మా వారి కట్లు విప్పి బేగి బేగి దిగిపోయారు. మళ్ళీ రాలేదు. కానీ వాకిట్లో కర్ర చప్పుడైతే ఈరోజుకీ నా చేతిలోది జారిపోతుంది.

మామ తెలివితేటల గురించి గూడెమంతా కథలు చెప్పుకున్నారు. కొన్నాళ్ళకి అంబలి పోస్తూ నేనూ అన్నాను, ఎంత ఉపాయం చేశావు మావా అని.

ఆయన ముంత కింద పెట్టేశాడు. "ఉపాయమేటి కోడలా! దడుపు. ఆ కర్ర సప్పుడికి లెక్క ఎగిరిపోనాది. ఎంతదాకా వచ్చినానో తెలీనేదు."

"మరి లాభం ఎలా గుర్తుంది?"

"నువ్వు పిండిచ్చిన సంగతి నా కడుపులో ఉంది గదా. నోరు కాళీగా ఉంటే అదెక్కడ బయటికొచ్చెత్తాదో అని బయం. లాబం, లాబం అనుకుంటా ఉంటే మరో మాట పట్టదు." ముంత మళ్ళీ అందుకుని, "ఊళ్ళో సెప్పకు, నవ్వుతారు" అన్నాడు.

నేను చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను, ఎవరూ నవ్వరని తెలుసు. ధైర్యవంతుడు కాపాడి ఉంటే దణ్ణం పెట్టి మరచిపోయేదాన్నేమో. నాలాగే వణుకుతూ కాపాడాడు. నా తాళి ఆయన భయం మీద నిలిచింది.

నిన్న ఆయన పెద్దదినం. గూడెం భోజనానికి ఆయన గాదెలోంచి చోళ్ళు తీయాలి. కూతురు కుంచం తెచ్చి నా చేతిలో పెట్టింది. "అయ్య నీకే నేర్పాడు వదినా." తూర్పుకి తిరిగి కూర్చుని, కుంచం నింపి, చాప మీద పోశాను.

"లాభం" అన్నాను.

రెండు అనడానికి నోరు రాలేదు. వాకిలినిండా జనం ఉన్నారు. ఎంతయిందని ఒక్కరూ అడగలేదు. నేను పోసిన చిన్న కుప్ప మీది నుంచి చోడిగింజలు ఒక్కొక్కటే చాప అంచుదాకా దొర్లుతున్నాయి.