ఇచ్ఛాపూర్ పల్లంలో ఒక నెల

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోన్‌లో ఒక ఫోటో చూపించి, "తాతా, ఇదేం పక్షి?" అంది. ఇచ్ఛాపూర్ దగ్గర వానలకు మునిగే పల్లంలో, కలువాకుల మీద నడుస్తున్న పొడుగు తోక పక్షి, దాని వెనక మూడు పిల్లలు. అసలు పేరు నాకూ తెలియదు. మా చిన్నమామయ్య దాన్ని ఆకుకోడి అనేవాడు, నేనూ అదే చెప్పాను.

చిన్నమామయ్య అంటే మా ఆవిడ బాబాయి. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఉధ్నాలో మరమగ్గాల మీద బతికాడు. ఆ మోతలో అరిచి అరిచి, మా రైల్వే క్వార్టర్‌కి వచ్చినా గొంతు తగ్గేది కాదు. "జర చాయ్ పెట్టు బిడ్డా" అంటే పక్కింటివాళ్లు కూడా స్టవ్ వెలిగించేవారు. ఒక సెలవు రోజున నన్ను ఆ పల్లానికి తీసుకెళ్లాడు. కొంగలు, కంకణం పిట్టలు, బాతులు, నీటికోళ్లు, కనుచూపు మేరా అవే. "జూడు అల్లుడా, ఎన్ని తీర్ల పిట్టలున్నయో" అన్నాడు. అన్నదే తడవు, ఒక్కటీ మిగల్లేదు. ఆ తర్వాత మేం గట్టు మీద మగ్గాల సైగలతోనే మాట్లాడుకున్నాం. పోగు తెగినా, చాయ్ వచ్చినా కార్ఖానాలో వాళ్లు చేతులతోనే చెప్పుకుంటారు మరి. అది నాకు అబ్బడానికి రెండు వానాకాలాలు పట్టింది.

మూడో ఏడు ఆ పల్లం ఆసామి గోదాము కడదామని గట్టు పక్కన మట్టి గుట్టలు పోయించాడు. మర్నాటి నుంచి పల్లం పూడ్చేస్తారట. ఆకుకోడి చూస్తే అప్పుడే నాలుగు గుడ్ల మీద కూర్చుని ఉంది. నేను ఊరుకుంటానా, రైల్వే ఉద్యోగిని. పక్షుల్ని లెక్కపెట్టి ఆసామికే అర్జీ రాశాను. గూడ్సు బండి పెట్టెల్ని లెక్కపెట్టే అలవాటు కదా, ఎడమ నుంచి కుడికి లెక్కపెడుతూ పోయాను. లేచినవి వెళ్లి కుడి చివర వాలుతుంటే వాటినీ మళ్లీ కలిపాను. ఆసామి అర్జీ చదివి, "ఇన్ని పక్షులుంటే నీళ్లకు చోటెక్కడిది సాహెబ్?" అన్నాడు. నా పరువు అక్కడే పోయింది.

మామయ్య ఆ కాగితం మడిచి నా జేబులో పెట్టి, ఆసామిని చెయ్యి పట్టుకుని గట్టు చివరకు నడిపించాడు. నోరు తెరిస్తే పక్షి గుడ్లు వదిలేసి లేచిపోతుంది. అందుకని నాలుగు వేళ్లు చూపించాడు. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోయిందని చెయ్యి దూరంగా ఊపాడు. పొదుగుతున్నది తండ్రి అని తన మీసం దువ్వాడు. ఆసామి ఎండలో చాలాసేపు నిలబడి చూశాడు. తిరిగొచ్చి, "ఏక్ మహినో" అన్నాడు గుజరాతీలో, ఒక నెల ఆగుతానని.

ఆ నెలలో పిల్లలు ఆకుల మీద నడిచాయి. మట్టిని రోడ్డు వైపు పోయించాడు గానీ ఆసామి పల్లం జోలికి రాలేదు. దీపావళికి అడిగితే చలికాలపు బాతులు దిగాయన్నాడు. మరుసటి వానలకు మళ్లీ గుడ్లున్నాయన్నాడు. ఇప్పుడాయన లేడు, మామయ్యా లేడు. ఆసామి కొడుకులూ ఏటా ఏదో ఒక పక్షి పేరు చెప్పి పూడ్చడం ఆపుతున్నారు. వానలు పడ్డప్పుడల్లా ఆ ఇద్దరికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఆసామి ఇచ్చింది ఒక్క నెల. అది ఇంకా పూర్తి కాలేదు.