పెళ్లి కేసెట్టు చివర నాలుగు నిమిషాలు

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే అక్కడినుంచి లేచి వెళ్లిపోయే రకం నేను. స్టీల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. మీటర్లో ముల్లు కదిలిందంటే వెనకాల కారణం ఉండి తీరాలి, దాన్ని పట్టుకోవడమే ఇరవై ఏళ్లుగా నా పని. మా ఆవిడ గుమ్మానికి నిమ్మకాయలు కడితే వాటిని విప్పి షర్బత్ చేసుకు తాగిన వాణ్ణి. ఇప్పుడు చెప్పేది కూడా ఎవర్నీ నమ్మించడానికి కాదు. లోపల దాచుకోలేక చెబుతున్నాను.

భిలాయ్‌లో ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్లలోకి కేబుల్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఆదివారం పొద్దున్న లోకల్ ఛానెల్లో తెలుగువాళ్ల కోసం ఒక కామెడీ వచ్చేది. పేరు ‘ఇది మన క్వార్టరు కాదు’. నైట్ షిఫ్టు దిగిన ఒక మనిషి నిద్రమత్తులో ప్రతివారం పక్కింట్లో దూరి, సొంతిల్లనుకుని కూర్చుని అన్నం పెట్టమంటాడు. ఆ ఇంటావిడ వంటింట్లోంచి కంచం తెచ్చి ముందు పెట్టి, అప్పుడు మొహం చూసి, ‘ఓలమ్మో, ఎవుడ్రా నువ్వు’ అని కేక పెడుతుంది. అంతే కథ. కానీ ఇక్కడి క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మా నాన్నే ఒకసారి పక్కింటి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని తువ్వాలు అడిగాడు. అందుకే మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

ఇప్పటికీ దానికి అభిమానులున్నారు. పుణెలోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసుకుంటున్న భిలాయ్ తెలుగు పిల్లలందరికీ ఒక వాట్సాప్ గ్రూపుంది. తెల్లారితే అందులో ఆ డైలాగులే. ఆరో భాగం నుంచి అన్నీ ఎవరో ఒకరి దగ్గర దొరికాయి. మొదటి ఐదు మాత్రం ఎక్కడా లేవు. ఆ ఐదింటిలో ఇంటావిడగా వేసినామె వేరు. తర్వాత వచ్చినామె కూడా బాగానే చేసింది గానీ, చూసినవాళ్లంతా ‘మొదటావిడే అసలు ఆవిడ’ అంటారు. నేను ఆరో తరగతిలో ఉండగా చూశాను, నేనూ అదే అంటాను.

అది రాసింది, కెమెరా పట్టింది సింహాచలం గారు. అప్పట్లో ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. ఇప్పుడు డెబ్బై దాటాయి, ఊళ్లోనే సుపేలాలో కూతురు సునీత దగ్గర ఉంటున్నారు. సునీత స్కూల్లో టీచరు, నన్ను భయ్యా అని పిలుస్తుంది. మొదటావిడ ఆయన భార్య నూకరత్నం అనీ, ఐదో భాగం తీసిన రెండో రోజే పోయిందనీ సునీత చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటికి సునీతకి ఏడాది కూడా నిండలేదు. మాటలే రాలేదు.

‘అమ్మది ఒకే ఫొటో ఉంది భయ్యా. అది కూడా రేషన్ కార్డుది. అమ్మ నడవడం చూడలేదు నేను. గొంతెలా ఉంటుందో తెలీదు. నీకు ఆ కేసెట్లు దొరికితే ముందు నాకు చూపించు’ అంది.

నా వెతుకులాటకి అప్పటిదాకా సరదా ఒక్కటే కారణం. ఆ మాటతో అది పనయింది. సింహాచలం గారిని అడిగితే ‘పోయాయిరా’ అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ రోజుల్లో ఆయనకి కెమెరా అరువిచ్చిన పెళ్లి వీడియోల భాస్కరరావు గారు పక్కనున్న ఉతైలో ఉన్నారని తెలిసి వెళ్లాను. ‘పోవడమేటి? సింహాచలమే సంచీలో ఐదూ తెచ్చి నా బల్ల మీద పడీసినాడు. వీటి మీద పెళ్లిళ్లు తీసుకో, నాకు మళ్లీ చూపించకు అన్నాడు’ అన్నారాయన. ఆ సీజన్లో ఎవరెవరి పెళ్లిళ్లు తీశారో గుర్తున్నంతవరకు చెప్పారు.

అక్కడే ఆగాల్సింది. ఒక మనిషి తన చేత్తో చెరిపేసుకున్నాడంటే అందుకు కారణం ఉంటుంది కదా. కారణాలు వెతికే ఉద్యోగం చేస్తూ కూడా నాకు ఆ సంగతి తట్టలేదు. నాకు తట్టింది వేరే. పెళ్లితో మూడు గంటల కేసెట్టు పూర్తిగా నిండదు, చివర కొద్దిగా పాతది మిగిలే ఉంటుంది.

ఇక చూసుకోండి, ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ నావే అయ్యాయి. సెలవు వస్తే చాలు, ఎవరింటికో వెళ్లి మీ పెళ్లి కేసెట్టు ఇవ్వండి అని అడగడం. ఒకాయన ‘నా పెళ్లి నాకే చూడబుద్ధి కాదు, నీకేటి పిచ్చి’ అన్నాడు. పదకొండు పెళ్లిళ్లు అప్పగింతల దాకా కూర్చుని చూశాను. బంతిలో వడ్డిస్తున్నవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ప్రతిదాని చివరా గీతలే.

పన్నెండోది దగ్గర్లోని కుమ్హారిలో ఒక రైల్వే ఉద్యోగి ఇంట్లో దొరికింది. సుపేలాలో పాత కేసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే సాహు భయ్యా షాపులో వేశాం. పెళ్లికూతురు జీపెక్కింది, టీవీలో చుక్కలొచ్చాయి, ఆ వెంటనే పసుపు సున్నం వేసిన గోడ, పువ్వుల తెర కట్టిన వంటింటి గుమ్మం. నిద్ర కళ్లతో కూర్చున్న మనిషి. తెర తొలగించుకుని కంచంతో నూకరత్నం గారు వచ్చారు. కేక పెట్టారు, వెంటనే తానే పకపకా నవ్వారు. అక్కడితో కేసెట్టు అయిపోయింది. నేను షాపులోనే ఏడ్చేశాను. సాహు భయ్యా ఫైలు చూసి ‘చార్ మినిట్ దస్ సెకండ్, బస్’ అన్నాడు.

ఆ పెన్‌డ్రైవు తీసుకెళ్లి సునీత చేతిలో పెట్టేస్తే సరిపోయేది. నాకేమో అభిమాని పొగరు. అసలు కేసెట్టే వేయాలి, ఆ కాలంలో చూసినట్టే చూపించాలి. పాత వీసీఆర్ ఒకటి బాగుచేసుకుని, మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం వాళ్లింటికి పట్టుకెళ్లాను. సునీత స్కూలు నుంచి అప్పుడే వచ్చింది. అన్నం తర్వాత తింటానని చెప్పి చాప మీద కూర్చుంది. గోడ గడియారంలో రెండూ ఐదు.

సింహాచలం గారు కేసెట్టు చూసి, ‘ఎందుకురా తెచ్చినావు’ అని మాత్రం అన్నారు. లేచి వెళ్లలేదు.

పెళ్లి అయిపోయే చోటికి ముందే తిప్పి పెట్టాను. షాపులో చూసిందే వచ్చింది. తల్లి కనబడగానే సునీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కేక, నవ్వు. అక్కడ అయిపోవాలి. అవలేదు. పువ్వుల తెర మళ్లీ కదిలింది. ఆమె మళ్లీ కంచంతో వచ్చారు, మళ్లీ కేక పెట్టారు. కెమెరా వెనకనుంచి ఒక మగ గొంతు, ‘ఇంకొక్కపాలి’ అంది. అది వయసులో ఉన్న సింహాచలం గారి గొంతు.

నా గుండె ఆనందంతో ఎగిరింది. ప్రోగ్రాములో వాడని ముక్కలు, ఎవరూ చూడనివి. షాపులో ఇవెందుకు రాలేదన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఆమె మళ్లీ వచ్చారు, మళ్లీ వచ్చారు. వచ్చిన ప్రతిసారీ నడక నెమ్మదైంది. ఎడం చేత్తో కంచం, కుడి చెయ్యి పొట్ట మీద. నవ్వు లేదు. ఒకసారి తెర వెనకనుంచే ‘కడుపు పట్టీసినాదండీ, రేపు తీద్దాం’ అన్నారు. ‘ఎలుతురు పోతాది రత్నం, ఇంకొక్కపాలి’ అన్నాడు కెమెరా వెనక మనిషి. ఆమె వచ్చారు. నుదుటి మీద చెమట కనిపిస్తోంది.

‘ఆ మాటలు నాను తియ్యలేదు. అప్పుడు కెమెరా ఆపీసే ఉంది’ అన్నారు సింహాచలం గారు.

సునీత నాకేసి తిరిగి, ‘బంద్ చెయ్యి భయ్యా. చూడలేను’ అంది.

వీసీఆర్ పక్కనే కూర్చున్నాను. వేలు బటన్ మీదే ఉంది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ రాస్తాను. ‘ఒక్క నిమిషం సునీతా, ఇంకొక్కసారి చూద్దాం’ అన్నాను.

ఆమె ఇంకొక్కసారి వచ్చారు. ఆ తర్వాత మరోసారి. కేక పెట్టే ఓపిక లేక, పెదాలు మాత్రం కదిలాయి.

అప్పుడు సింహాచలం గారు మంచం మీంచి లేచారు. గోడ పట్టుకుని టీవీ ముందుకు వచ్చి, ‘సాలు రత్నం. ఇంక ఆపేద్దాం’ అన్నారు.

గుమ్మంలో ఆమె ఆగారు. కంచం కింద పెట్టారు. కెమెరాలోకి చూడలేదు, కొద్దిగా పక్కకి, కిందకి, సునీత కూర్చున్న చాప వైపు చూశారు. ‘గుంట తిన్నాదా?’ అని అడిగారు. గుంటంటే మా వైపు ఆడపిల్ల.

సింహాచలం గారు కూతురి వైపు చూశారు. సునీతే చెప్పింది. ‘తిన్నానమ్మా.’

ఆమె తలూపి లోపలికి వెళ్లిపోయారు. తెర ఒకసారి కదిలి ఆగింది. కేసెట్టు చివరికొచ్చి టక్కుమని ఆగింది. గడియారంలో మూడుకి పది నిమిషాలుంది.

ఆ సాయంత్రం ఆయన కూతురికి అంతా చెప్పారు. ఆ రోజు పదకొండుసార్లు చేయించారట. కడుపునొప్పని ఆమె మూడుసార్లు చెప్పిందట. బాగా వచ్చిన మొదటిదే ఉంచి మిగతావి చెరిపేశారట. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి అపెండిక్స్ పగిలిపోయింది. రాత్రికి రాత్రి ఉన్నట్టుండి నొప్పొచ్చిందని చుట్టాలందరికీ చెప్పారు, ముప్పై ఏళ్లకి పైగా కూతురికీ అదే చెప్పారు.

నా బుద్ధి ఊరుకోదు కదా. కేసెట్టు మళ్లీ సాహు భయ్యా దగ్గరికి తీసుకెళ్లాను. పెళ్లి అయ్యాక మిగిలిన టేపు నాలుగు నిమిషాల పది సెకన్లే. ముప్పావుగంట బొమ్మ అందులో పట్టే వీలే లేదు. ఇప్పుడు దానిలో ఉన్నది పసుపు గోడ, పువ్వుల తెర, నిద్రమొహం మనిషి, గుమ్మంలో కింద పెట్టిన కంచం. ఆమె రారు. మూడు రోజుల ముందు ఎక్కించిన ఫైల్లో వస్తున్నారు, నవ్వుతున్నారు. సాహు భయ్యా రెండూ పక్కపక్కన పెట్టి చూసి, కేసెట్టు నా చేతిలో పెట్టేశాడు. దాని మీద మళ్లీ రికార్డు కాకూడదని అంచునున్న ప్లాస్టిక్ ముక్కని పెళ్లి నాడే విరగ్గొట్టేశారు. వీసీఆర్ హెడ్లు, వైర్లు, కరెంటు అన్నీ చూశాను. ఏ లోపమూ లేదు. ముగ్గురికీ ఒకేసారి భ్రమ కలిగిందనుకుందామా అంటే, మారిపోయిన కేసెట్టుకి ఏం చెప్పాలి?

కేసెట్టు కుమ్హారి వాళ్లకి తిరిగిచ్చేశాను, అది వాళ్ల పెళ్లి. పెన్‌డ్రైవు సునీతకి ఇచ్చేశాను. గ్రూపులో దొరకలేదని రాశాను. మిగతా నాలుగూ వెతకడం మానేశాను. సునీత తండ్రికి వేళకి వండిపెడుతుంది, మందులిస్తుంది, మొహం మాత్రం చూడదు. తప్పు బయటికి తెచ్చింది నేను, శిక్ష ఆ ఇంట్లో జరుగుతోంది. ఆ రోజు బటన్ నొక్కి ఉంటే ఏమయ్యేదో కూడా నాకు తెలియదు.

నెల తర్వాత సుపేలా బజార్లో కూరగాయల దగ్గర సునీత కనబడింది. పెన్‌డ్రైవ్ చూశావా అని అడిగాను. ఇంకా లేదంది. కాసేపు వంకాయలు ఏరి, తలెత్తకుండానే అంది.

‘ఆ రోజు నేను పొద్దున్నుంచీ ఏమీ తినలేదు భయ్యా. పుట్టాక అమ్మతో నేను మాట్లాడింది ఒక్కటే మాట. అదీ అబద్ధమే చెప్పాను.’