శాలిబండలో ఏకగ్రీవ ఎన్నిక

శాలిబండలోని ఒక బీరువాల కార్ఖానాను కార్మికుల సహకార సంఘంగా మార్చే మహత్కార్యానికి ఏడాదిగా సలహాదారుగా ఉన్నాను. యజమాని సేఠ్ కార్ఖానాను కార్మికులకు అప్పగించి, తానూ ఒక సాధారణ సభ్యుడిగా చేరాడు. ఈ రోజు అధ్యక్షుడి ఎన్నిక జరిగింది. మొదటి నుంచీ నాకు కుడిభుజంగా ఉన్న వెల్డర్ యాదగిరి లేచి సేఠ్ పేరునే ప్రతిపాదించాడు. సభ్యులందరూ చేతులెత్తారు.

“ఇదేమిటి యాదగిరీ?” అన్నాను.

“అందరం మాలికులమైతే ఒకల్నొకలం ఎట్ల తిట్టుకుంటమన్నా? సేఠ్ అయితే అందర్ని ఒక్కతీరుగ తిడతడు. లొల్లే ఉండదు.”

పనివేళల్లో బయటివారికి ప్రవేశం లేదన్నది నూతన అధ్యక్షులవారి తొలి తీర్మానం. అక్కడున్న బయటివాణ్ణి నేనొక్కణ్ణే. అయినా మొదట లేచిన చేయి యాదగిరిదే.

ఈ తీర్మానాన్ని ఖండించదలచినవారు కామెంట్లలో చేయెత్తగలరు. యాదగిరికి మినహాయింపు ఇవ్వడమైనది.