మట్టికోటలోంచి వచ్చిన జవాబు

దయ్యాలంటే నాకు నవ్వు. మా మునిమనవలు సినిమాలో దయ్యాన్ని చూసి దుప్పటి కప్పుకుంటే, "సచ్చినోళ్లకి మనతో ఏటి పని రా?" అని తిడతాను. ఒక్క ఆ కోట సంగతి గుర్తొస్తే మాత్రం నాకు అన్నం సహించదు.

మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. సుంగై పెటాని ఊరికి అవతల ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్లం. అడవిలోని కమ్యూనిస్టులకు బియ్యం అందకూడదని మా లైను ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. అయ్య రబ్బరు పాలు గీసేవాడు, అమ్మ కలుపు తీసేది. అన్న సింహాద్రి తోటను కాసే స్పెషల్ కానిస్టేబులు. నేను అప్పటికి పెళ్లికెదిగిన పిల్లని.

తోట చివర గట్టు మీద నలుచదరంగా ఒక పాత మట్టికట్ట ఉండేది, మధ్యలో రాళ్లు. అక్కడ నిలబడితే కింద ఏటిలోయంతా కనిపిస్తుంది. తోట దొర అది చూసి సంబరపడిపోయాడు. వాళ్ల దేశంలో పూర్వం రోమనులు సరిహద్దు కాయడానికి కట్టిన కోటలు అచ్చం ఇలాగే ఉంటాయట, ఇదీ ఏటి దారిని కాసిన కోటే అయ్యుంటుందట. రోమనులు మా తోటకెందుకొస్తారో ఆ దొరకే తెలియాలి. ఎవరు కట్టారో నేనెరిగినంతలో ఎవరూ తేల్చలేదు. ఏరు బాగా కనిపిస్తుందని మా అన్నను పగటి కాపలాకు అక్కడే పెట్టారు.

మనం ఎక్కణ్ణుంచి కదిలినా "పోతాను" అనం కదా. అది చావుమాట. "పోయొస్తాను" అంటాం. అన్న మొదటిరోజు డ్యూటీ దిగుతూ, అలవాటు కొద్దీ, మనిషి లేని ఆ కోటవైపు తిరిగి "పోయొత్తాను" అన్నాడు.

"బేగి రా" అని లోపల్నుంచి జవాబొచ్చింది.

తెలుగులో. అచ్చం మా అమ్మ గొంతుతో. అమ్మేమో అప్పుడు నాతో కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది.

అన్న పరుగున ఇంటికొచ్చి పడి ఇదంతా చెప్పాడు. ఆ సాయంత్రమే జ్వరం. తోట ఆస్పత్రిలో మలేరియా అని మాత్రలు మింగించారు. జ్వరం దిగలేదు సరికదా, రోజూ మధ్యాహ్నమయ్యేసరికి లేచి బూట్లు వేసుకునేవాడు. "అమ్మ పిలస్తంది, ఎల్లాల" అనేవాడు. అమ్మ ఎదురుగా నిలబడి "నానిక్కడే ఉన్నాన్రా, నా బాబే" అని ఏడుస్తుంటే, ఆమె భుజం మీదుగా గట్టువైపు చూసేవాడు. మేమిద్దరం పట్టుకున్నా ఆగేవాడు కాదు. అలా తూలుకుంటూ అడవి అంచుకు పోతే సోల్జర్లు కాల్చేస్తారు. కాల్చకపోయినా మనిషి చీపురుపుల్లలా అయిపోతున్నాడు. ఇక మాకు దక్కడనిపించింది.

అయ్యకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా అమ్మ పోరు పడలేక, ఒకరోజు పొద్దుటి పని దిగాక నన్ను వెంటబెట్టుకుని గట్టెక్కాడు. మిట్టమధ్యాహ్నం. పిట్ట కూడా కూయడం లేదు. అయ్య మట్టికట్ట బయటే నిలబడి, తలగుడ్డ తీసి, పక్కింటాయనతో మాట్లాడినట్టే చెప్పాడు.

"మావోడు సిన్నోడు. నోరు జారినాడు. ఆడు రాడు. కావాలంతే ఆడి బదులు నానొత్తాన్లే. ఆడిని ఒగ్గీండి."

"బేగి రా అయ్యా."

ఈసారి నా గొంతు. దేవుడి మీద ఒట్టు, నేను పెదవి కదపలేదు. భయంతో నా పళ్లు గిట్టకరుచుకుపోయి ఉన్నాయి. ఆ మాట కోటలోంచి వచ్చింది. అయ్య మాత్రం నావైపు తిరిగి, "ఉండే అమ్మీ, వత్తన్నాను గదా, కంగారేటి?" అన్నాడు. ఇంటికి పోదామని నేనే తొందరపెడుతున్నాననుకున్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అన్నకు చెమట పట్టి జ్వరం దిగింది. గంజి అడిగాడు. అమ్మ ఏడుస్తూనే పొయ్యి రాజేసింది. ఆ మాట నాది కాదని అయ్యకు ఆ పూటే చెప్పాను. "నీది కాపోతే ఎవులిదే? నాను సెవిటోడినేటి?" అని నవ్వేశాడు.

కొన్నాళ్లకు, నేను అన్న పక్కన కూర్చుని గంజి తాగిస్తుంటే, పనివాళ్లను చూసుకునే కంగాణి గుమ్మంలోకి వచ్చాడు. అయ్య కోటలో మట్టికట్టకు ఆనుకుని, ఏటివైపు చూస్తూ కూర్చుని ఉన్నాడట. ప్రాణం లేదు. ఒంటి మీద తుపాకీ దెబ్బ లేదు, పాము కాటు లేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆగే ఉంటుంది, కాదనను.

అన్న బతికాడు. మెర్డెకా, అదే మలయాకు స్వాతంత్ర్యం, చూశాడు, పెళ్లాడి పిల్లల్ని కన్నాడు, ముసలివాడయ్యాకే పోయాడు. జ్వరం తనంతట తనే దిగిందో, అక్కడ నిజంగా ఏదైనా ఉందో, ఇన్నేళ్లు ఆలోచించినా నాకు తెగలేదు.

కంగాణి చెప్పిన ఇంకో మాట ఉంది. పాల బకెట్లు చెట్టు కింద దించేసి పని మధ్యలో ఎక్కడికని అడిగితే, అయ్య గట్టువైపు నడుస్తూనే నవ్వి అన్నాడట: "మా అమ్మి పిలస్తంది. నీకు ఇనపడ్నేదేటి?"