బీరువాలో పెట్టిన హ్యాండిళ్ళు

నడుం నొప్పి అంటే మా వార్డులో ఎవరూ లెక్కచేయరు. ఆడవాళ్ళ వార్డు, ముప్పై మంచాలు. నర్సులకీ ఆయాలకీ అందరికీ ఉన్నదే. కానీ ఆ వానాకాలం నా నొప్పి వేరు. తుమ్మితే చాలు, కుడికాలు మడమ దాకా కరెంటు కొట్టినట్టు లాగేది. ఇన్‌ఛార్జి సిస్టర్ని కదా, నోరు విప్పలేదు. చెబితే ఆపరేషన్ అంటారు, ఆపైన తీసుకెళ్ళి ఏ చీటీలు రాసే కౌంటర్లోనో కూర్చోబెడతారు. పేషెంట్ల మధ్య తిరగకుండా నేను బతకగలనా? ఆదివారం చర్చిలో మోకరించడం కూడా మానేశాను. మోకరిస్తే లేవాలి మరి!

కనిపెట్టింది మా ఆయా పిన్ని. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా పక్కింటావిడ, చిన్నప్పుడు నాకు నీళ్ళు పోసిన మనిషి. వార్డులో అందరికీ మాసీ, నాకు పిన్ని. ఒక మధ్యాహ్నం ఇద్దరం కలిసి పేషెంటుని పక్కకి తిప్పుతుంటే, "యేసయ్యా!" అని కేక పెట్టాను.

"ఏటమ్మా, ఎన్నాళ్ళనుంచి దాస్తన్నావు?"

"ఏమీ లేదు పిన్నీ."

"ఏటీ నేదా? మొకంలో కత్తివేటుకి నెత్తురుచుక్క నేదు. నడు డాక్టరు కాడికి!"

రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది. స్కానింగ్ తీశారు. రిపోర్టు వచ్చేదాకా మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. చివరికి ఎముకల డాక్టరు ఫిల్ము చూసి, "ఆపరేషన్ అక్కర్లేదు. నరం కాస్త ఒత్తుకుంది. విశ్రాంతి, వ్యాయామం. మళ్ళీ వార్డుకే వెళ్ళొచ్చు" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. వరండాలోకి వచ్చి పిన్నిని పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చేశాను.

కొన్ని వారాలకి డ్యూటీలో చేరాను. నాకు వ్యాయామం నేర్పిన బెంగాలీ అమ్మాయి, నేనెలా పనిచేస్తానో చూస్తానని వార్డుకి వచ్చింది. ఒక్క నిమిషం చూసి అడిగేసింది.

"దీదీ, మంచాలు ఇంత కిందకి ఎందుకున్నాయి? ఎత్తు పెంచే హ్యాండిళ్ళు ఏవి?"

ఆయాలందరూ ఫ్యాన్లకేసి చూశారు. నేను ఇన్‌ఛార్జి అయిన కొత్తలో, చూడవచ్చినవాళ్ళ కాళ్ళకి తగులుతున్నాయని, రెండు పోయాయని, మిగతావి పోతే జవాబు చెప్పాల్సింది నేనేనని, మంచాలన్నీ దించేయించి, హ్యాండిళ్ళన్నీ ఊడబీకించి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆరేళ్ళుగా ముప్పై మంచాల మీదకీ అందరం వంగుతూనే ఉన్నాం. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత అంటారు గానీ, నేను చేసింది వీళ్ళందరూ అనుభవించారు.

తాళంచెవుల గుత్తి నా నడుముకే వేలాడుతోంది.

"పిన్నీ, నువ్వైనా అడగొచ్చు కదా!" అన్నాను, సిగ్గుతో కోపం వచ్చి.

"ఎలగడుగుతానమ్మా? ఇంచార్జివి. కసురుతావని బయం."

నీళ్ళు పోసి పెంచిన మనిషికి నేనంటే భయం! నా నడుం నొప్పి కంటే ఆ మాట ఎక్కువ నొప్పించింది. బీరువా తెరిచాను. తుప్పు పట్టిన హ్యాండిల్ ఒకటి తెచ్చి, పిన్ని దుప్పటి మారుస్తున్న మంచానికి తగిలించి, మోకాళ్ళ మీద కూర్చుని తిప్పాను. కిర్రుమంటూ మంచం లేచింది.

"చాలా పిన్నీ?"

పిన్ని నిటారుగా నిలబడి, పరుపు మీద రెండు చేతులూ ఆనించి చూసుకుంది.

"ఇంకో రెండు సుట్లు తిప్పు," అంది దర్జాగా. "నీకంటే నాను పొడుగు."