లెన్సులో మసక

మా బావ మనుషుల ఫొటోలు తీసేవాడు. నేను పాత కెమెరాలు, లెన్సులు కొని అమ్ముతాను. మా అక్కను చేసుకున్నాడు కాబట్టి నన్ను ఆటపట్టించే హక్కు తనకు రాసిచ్చేశారని ఆయన నమ్మకం. "నీ షాపులో దుమ్ము తప్ప అన్నీ సెకండ్ హ్యాండేరా" అనేవాడు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. ఆ పెట్టెలాంటి కెమెరా మెళ్లో వేలాడేసుకుని, తల వంచి పైనుంచి దాంట్లోకి తొంగిచూస్తుంటే, కిందపడ్డ చిల్లర వెతుక్కుంటున్నట్టుందనేవాణ్ణి.

ఆయనది మీడియం ఫార్మాట్ కెమెరా. వెడల్పాటి ఫిల్ము పడుతుంది. ముందున్న లెన్సు, పైనుంచి తొంగిచూసే వ్యూఫైండర్ రెండూ ఊడదీసి వేరేవి పెట్టుకోవచ్చు. పాత లెన్సు ఎలా ఎంచుకోవాలో నాకు నేర్పింది ఆయనే. వెనకనుంచి టార్చి వేసి చూడమన్నాడు. సాలెగూడులాంటి బూజు కనిపిస్తే ముట్టుకోవద్దన్నాడు. పాలపొరలాంటి మసక ఉంటే బేరం కూడా ఆడొద్దన్నాడు. చేతిలో పెడితే చాలు, బరువును బట్టి అది ఏ లెన్సో చెప్పేసేవాడు.

ఏటా పెళ్లిరోజున అక్కను కిటికీ పక్క పేముకుర్చీలో కూర్చోబెట్టి ఒక్క ఫొటో తీసేవాడు. ఈసారి తీసింది తెచ్చి నా బల్లమీద పడేశాడు.

"లెన్సు పోయిందిరా. మీ అక్క మొహం చూడు, అలికేసినట్టుంది."

చూశాను. అలికేసినట్టే ఉంది. కానీ ఆమె వెనకున్న కుర్చీ అల్లిక మాత్రం పుల్లపుల్లా విడిగా కనిపిస్తోంది. లెన్సు పాడైతే ఫొటో అంతా పాడవుతుంది. కుర్చీ స్పష్టంగా వచ్చి మొహం చెదిరిందంటే లెన్సు తన పని తాను చేసినట్టే, ఫోకస్ కుదిర్చిన కన్నే తప్పింది. ఆ సంగతి కూడా నాకు నేర్పింది ఆయనే.

బావ కళ్లు చూసిన డాక్టరు అప్పటికే చెప్పాడు. కంటి నరం దెబ్బతిందని, పోయిన చూపు ఇక తిరిగి రాదని, చుక్కల మందుతో మిగిలింది కొన్నాళ్లు నిలబడితే అదే గొప్పని. ఆ డాక్టరుకు ఏమీ తెలియదని బావ తేల్చేశాడు. ఇంట్లో బల్బులన్నీ మార్పించాడు. కిటికీ అద్దాలు అక్కతో మళ్లీ మళ్లీ కడిగించాడు. కళ్లజోడుకు గీతలు పడ్డాయని కొత్తది కొన్నాడు. ఇక నింద మోయడానికి మిగిలింది లెన్సే.

"నువ్వు చెప్పరా, నా మాట ఎలాగూ వినరు" అంది అక్క. నాకెక్కడిది అంత గుండె?

అప్పటినుంచి రోజూ షాపుకొచ్చేవాడు. నేను ఒక లెన్సు తీసివ్వడం, ఆయన టార్చి వేసి చూసి మసకుందని పక్కన పెట్టడం. కడిగిన ముత్యంలాంటి లెన్సులకు కూడా వంకలే. నాకు ఒళ్లు మండేది. సరుకును తిడుతున్నాడని కాదు. ఆయన మీద, ఆ డాక్టరు మీద, ఏమీ చెప్పలేని నా నోటి మీద.

లెన్సు కుదరకపోతే వ్యూఫైండర్ మారుద్దామన్నాడు. ప్రిజం ఉన్నది ఇచ్చాను. దాన్ని కంటికి ఆనించి చూడాలి, బొమ్మ కుడిఎడమలు తారుమారు కాకుండా కనిపిస్తుంది. చీకటిగా ఉందన్నాడు. నిజమే, ప్రిజంలో వెలుతురు కాస్త తగ్గుతుంది. ఆ కాస్త తగ్గినా ఆయన తట్టుకోలేడని నాకప్పుడే తెలిసింది. తర్వాత భూతద్దం బిగించిన పొడుగు వ్యూఫైండర్ ఇచ్చాను. దాంట్లోంచి నన్నే చూస్తూ లెన్సు రింగు అటూ ఇటూ తిప్పాడు.

"కదలకురా" అన్నాడు.

నేను కదలడం లేదు.

మర్నాడు మధ్యాహ్నం బల్లమీద ఒక పాత లెన్సు విప్పాను. బూజు తినేసిన అద్దాలన్నీ తీసి పారేసి, ఉత్త గొట్టాన్ని విడిభాగాల కోసం ఉంచాను. చేతులు కడుక్కుందామని వెనక గదిలోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బావ వచ్చి ఉన్నాడు, ఆ గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. అది ఎంత తేలిగ్గా ఉందో కూడా ఆయన చేతికి తెలియలేదు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఇది బాగుందిరా. కొంచెం మసకుంది, అంతే. తుడిస్తే పోతుంది."

ఆయన జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి వేలికి చుట్టుకున్నాడు. గొట్టంలోకి ఒకసారి ఊది, అద్దం తుడవబోయాడు. వేలు లోపలికి వెళ్లి అటువైపు బయటికొచ్చింది.

ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొట్టాన్ని తీసిన చోటే జాగ్రత్తగా పెట్టాడు. ఇన్నాళ్లూ వద్దన్న లెన్సులు అలమరలో ఉన్నాయి. వాటి వైపు తిరిగాడు.

"అవన్నీ బాగానే ఉన్నాయా?"

"బాగానే ఉన్నాయి బావా."

"మొట్టమొదట ఇచ్చింది కూడానా?"

"అది కూడా."

ఏడుపు ఆపుకోవడం నావల్ల కాలేదు. ఆయన మాత్రం తల ఊపి, స్టూలు కోసం చేత్తో తడుముకుని కూర్చున్నాడు. ఇందాక కూడా ఒక్కడే నడిచి వచ్చిన మనిషి.

"మీ అక్కకి ఫోన్ చెయ్యిరా" అన్నాడు. "వచ్చి నన్ను తీసుకెళ్లమను."